సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌కి అఫిలియేట్ ప్రోగ్రాం: ఎంత ఇవ్వాలి, ఎలా ట్రాక్ చెయ్యాలి, ఎప్పుడు చెల్లించాలి?

కొత్త_పద్దు:

నెలవారీ చందా మీద నడిచే వెబ్ సాఫ్ట్‌వేర్‌కి అఫిలియేట్ ప్రోగ్రాం (తమ లింకుతో కస్టమర్లని తెచ్చిన బయటివాళ్లకి కమిషన్ ఇచ్చే ఏర్పాటు) మొదలుపెట్టాలి. నెలకు ధర 100 అనుకుందాం (కరెన్సీ పక్కన పెడితే లెక్క సులువు). వార్షిక ప్లాన్ 1000. ట్రయల్ 14 రోజులు, కార్డు ముందే తీసుకుంటాం. బిల్లింగ్ స్ట్రైప్‌లో (ఆన్‌లైన్ చెల్లింపుల సేవ). నెలకు 5 శాతం మంది మానేస్తున్నారు. సర్వర్లు, సపోర్టు, పేమెంట్ ఫీజులు పోను మార్జిన్ 80 శాతం. మార్కెటింగ్ సైటు ప్రధాన డొమైన్‌లో, యాప్ సబ్‌డొమైన్‌లో ఉన్నాయి.

తేలనివి ఇవీ. పోటీవాళ్లు "జీవితాంతం 30 శాతం" అంటున్నారు. మేమూ అదే ఇవ్వాలా, లేక ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోవాలా? ట్రాకింగ్ సొంతంగా రాసుకోవచ్చా? కమిషన్ ఎన్నాళ్లు ఆపి ఇవ్వాలి? మోసాలు ఏ రూపంలో వస్తాయి?

లెక్కల_చిట్టా:

శాతంతో మొదలుపెట్టకండి. ఒక్కో కస్టమర్ వల్ల మొత్తం మీద ఎంత మిగులుతుందో ముందు రాసుకోండి. నెలకు 5 శాతం పోతున్నారంటే సగటు ఆయుష్షు 1 ÷ 0.05, అంటే 20 నెలలు. 20 × 100 × 0.80 = 1600. అఫిలియేట్‌కి ఇచ్చేదీ, మిగతా మార్కెటింగ్ ఖర్చూ, మీ లాభమూ అన్నీ ఈ 1600 లోంచే రావాలి.

జీవితాంతం 30 శాతం అంటే 20 నెలలకు 600. మీ మిగులులో 37.5 శాతం అక్కడే పోయింది. 12 నెలలకే పరిమితం చేస్తే ఎంత? చాలామంది 12 × 30 = 360 అని వేసేస్తారు. అది తప్పు, ఎందుకంటే ఏడాది లోపే కొందరు మానేస్తారు. మొదటి నెల 1, రెండో నెల 0.95, మూడో నెల 0.9025... ఇలా పన్నెండు నెలలూ కూడితే 9.19 చెల్లింపులు వస్తాయి. అంటే సగటున ఒక్కో కస్టమర్‌కి మీకయ్యేది 276. మిగులులో 17 శాతం చిల్లర. ఇది మోయగలిగిన బరువే.

అదే చర్న్ (మానేసేవాళ్ల శాతం) నెలకు 10 శాతం అయితే ఆ 9.19 కాస్తా 7.18 అవుతుంది, కమిషన్ 215కి తగ్గుతుంది. తగ్గింది కదా అని సంబరపడకండి, మిగులు కూడా 800కి పడిపోయింది. అంటే వాటా 27 శాతానికి చేరింది. అందుకే అఫిలియేట్ల ద్వారా వచ్చిన కస్టమర్ల చర్న్‌ని విడిగా కొలవండి. అందులోనూ రివ్యూ చదివి వచ్చినవాళ్లని, డిస్కౌంట్ కోడ్ చూసి వచ్చినవాళ్లని వేర్వేరుగా చూడండి. రెండోవాళ్లు నిలిచే కాలం సాధారణంగా తక్కువ. అందరినీ ఒకే సగటులో కలిపేస్తే ఏ అఫిలియేట్ మీద నష్టపోతున్నారో ఎప్పటికీ కనబడదు.

కమిషన్ దేని మీద అన్నది కూడా నిబంధనల్లో మొదటి రోజే రాసేయండి: పన్ను తీసేసి, డిస్కౌంట్ పోను, నిజంగా చేతికొచ్చిన మొత్తం మీద. "ప్లాన్ ధరలో 30 శాతం" అని రాశారంటే మీ సొంత సేల్‌లో సగం ధరకి అమ్మిన రోజున కూడా 30 ఇచ్చుకోవాలి. 50 వచ్చినచోట 30 పోయిందన్నమాట.

నేనైతే 12 నెలలు, 30 శాతం అంటాను. ఒక్కసారి చెల్లింపు జోలికి పోవద్దు, కారణం కింద మోసాల గురించి రాసేవాళ్లు ఎవరైనా చెబుతారు.

వెబ్‌హుక్_కాపరి:

ట్రాకింగ్ సంగతి. క్లిక్కు నుంచి మొదటి చెల్లింపు దాకా ఒక్కసారి కాగితం మీద నడిపించి చూడండి, ఎక్కడ తెగుతుందో తెలిసిపోతుంది.

అఫిలియేట్ లింకు చివర కోడ్ ఉన్న పారామీటర్ ఉంటుంది. మనిషి క్లిక్ చేస్తాడు, మీ సైటు తెరుచుకుంటుంది. మొదటి తెగుడు ఇక్కడే: భాషని బట్టి గానీ, చివర స్లాష్ లేదని గానీ మీ సర్వర్ ఇంకో పేజీకి రీడైరెక్ట్ చేసి ఆ పారామీటర్‌ని రాల్చేస్తుంది. పేజీ బాగానే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రతి రీడైరెక్ట్‌లోనూ క్వెరీ స్ట్రింగ్ (లింకులో ? తర్వాతి భాగం) చివరిదాకా వస్తోందో లేదో చూడండి. పొట్టి లింకులు మీ డొమైన్ మీదే నడిపితే 301 (శాశ్వత రీడైరెక్ట్) వాడకండి, 302 (తాత్కాలిక రీడైరెక్ట్) వాడండి. 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుని రెండోసారి మీ సర్వర్‌ని అడగకుండానే వెళ్లిపోతుంది, ఆ క్లిక్కు మీ లెక్కలోకి రాదు.

రెండోది కుకీ, అంటే ఆ కోడ్‌ని గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న నోటు. ప్రధాన డొమైన్‌లో పెట్టిన కుకీ యాప్ సబ్‌డొమైన్‌లో చదవాలంటే పెట్టేటప్పుడే డొమైన్ విలువ ఇవ్వాలి. ఇవ్వకపోతే అది ఆ ఒక్క హోస్ట్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది. మీ అమరికలో ఎక్కువగా దెబ్బకొట్టేది ఇదే.

"60 రోజుల కుకీ" అని ప్రకటించి, దాన్ని జావాస్క్రిప్ట్‌తో పెడితే సఫారీలో అది 7 రోజులకే చచ్చిపోతుంది. 2019 నుంచీ ఇంతే. సఫారీ ట్రాకర్‌గా గుర్తించిన డొమైన్ నుంచి పారామీటర్‌తో వచ్చిన క్లిక్కయితే 24 గంటలే. కాబట్టి కుకీని మీ సర్వర్ నుంచే హెడర్‌లో పంపండి. ట్రాకింగ్ టూల్ అమ్మేవాళ్లు "మీ సబ్‌డొమైన్‌ని మా సర్వర్‌కి సీనేమ్‌తో (ఒక డొమైన్ పేరుని ఇంకోదానికి తిప్పే డీఎన్ఎస్ అమరిక) తిప్పండి చాలు" అంటారు. అది చాలదు, సఫారీ ఆ ఎత్తునీ పసిగట్టి 7 రోజులకే కోస్తుంది.

ఇంతకీ కుకీని నమ్ముకోవాల్సింది సైన్అప్ దాకానే. మనిషి ఖాతా తెరిచిన క్షణాన కుకీలోని కోడ్‌ని మీ డేటాబేస్‌లో ఆ ఖాతా పక్కన రాసి తాళం వెయ్యండి. ఆ తర్వాత కుకీ ఉన్నా పోయినా ఒకటే. స్ట్రైప్ కస్టమర్ మెటాడేటాలో కూడా అదే కోడ్ పెట్టండి. స్ట్రైప్ చెకౌట్ వాడితే క్లయింట్ రిఫరెన్స్ ఐడీలో మీ ఖాతా నంబర్ పంపండి, చెకౌట్ పూర్తయిన ఈవెంట్‌లో (స్ట్రైప్ మీ సర్వర్‌కి పంపే కబురులో) అది తిరిగి వస్తుంది. లాప్‌టాప్‌లో ట్రయల్ మొదలుపెట్టి ఫోన్‌లో డబ్బు కట్టినవాడు కూడా అప్పుడు తప్పిపోడు.

కమిషన్ పుట్టాల్సింది "ఇన్‌వాయిస్ పెయిడ్" ఈవెంట్ మీద, సైన్అప్ మీద కాదు. ఇక్కడ మూడు గుంటలున్నాయి.

ట్రయల్ మొదలవగానే స్ట్రైప్ సున్నా మొత్తానికి ఒక ఇన్‌వాయిస్ తయారుచేసి దాన్ని చెల్లించినట్టే చూపిస్తుంది, ఈవెంట్ కూడా వస్తుంది. మీరు "మొదటి 12 ఇన్‌వాయిస్‌లు" అని లెక్కపెడుతుంటే ఆ సున్నా ఒకటి మింగేస్తుంది, అఫిలియేట్‌కి 11 నెలలే అందుతాయి. చెల్లించిన మొత్తం సున్నా కన్నా ఎక్కువైతేనే లెక్కించండి.

ఒకే ఈవెంట్ రెండుసార్లు రావచ్చు, వరస తప్పి కూడా రావచ్చు. ఇన్‌వాయిస్ ఐడీ మీద యూనిక్ నిబంధన (ఒకే ఐడీ డేటాబేస్‌లో రెండోసారి చేరనివ్వనిది) పెడితే రెండోది తనంతట తనే తిరిగిపోతుంది.

మూడోది రిఫండ్. చార్జ్ మీద కనిపించే "రిఫండైన మొత్తం" అప్పటిదాకా తిరిగిచ్చినదంతా కలిపిన సంఖ్య. 100 ఇన్‌వాయిస్‌లో ముందు 30 తిరిగిచ్చారు, తర్వాత ఇంకో 20. రెండో ఈవెంట్‌లో కనపడేది 20 కాదు, 50. ఈవెంట్ వచ్చినప్పుడల్లా దాన్ని తీసేస్తూ పోతే 80 తిరిగిచ్చినట్టు తేలుతుంది, అఫిలియేట్ ఖాతాలో 15 కొయ్యాల్సిన చోట 24 కోస్తారు. పాత విలువతో తేడా మాత్రమే తియ్యాలి.

నెల మధ్యలో ప్లాన్ తగ్గించుకున్న కస్టమర్ సంగతి కూడా చూసుకోండి. మిగిలిన డబ్బు అతని బ్యాలెన్స్‌లో ఉండి వచ్చే ఇన్‌వాయిస్‌లో సర్దుబాటవుతుంది. కమిషన్‌ని ప్లాన్ ధర మీద వేస్తే రాని డబ్బుకి వాటా ఇచ్చినట్టే.

సొంతంగా రాయొచ్చా అంటే, పైదంతా రాయొచ్చు, పెద్ద కోడేం కాదు. కానీ అఫిలియేట్ లాగిన్, నివేదికలు, పన్ను పత్రాలు, చెల్లింపుల ఫైలు... పని అక్కడ పెరిగిపోతుంది. రివార్డ్‌ఫుల్, ఫస్ట్‌ప్రమోటర్ లాంటి రెడీమేడ్ టూల్స్ స్ట్రైప్‌తో నేరుగా కలుస్తాయి. టూల్ తీసుకున్నా సరే, ఖాతా పక్కన కోడ్ రాసుకోవడం మాత్రం మీ డేటాబేస్‌లో చెయ్యండి. రేపు టూల్ మార్చాల్సి వస్తే ఎవరి కస్టమర్ ఎవరో వాళ్లని అడుక్కోవాల్సిన పని ఉండదు.

పాత_లింకు:

లెక్కల_చిట్టా గారి లెక్క సరే కానీ, 12 నెలల దగ్గర ఆపెయ్యడం మీద నాది వేరే మాట. మంచి అఫిలియేట్ అంటే ఎవరు? సెర్చ్‌లో నిలబడే పోలిక వ్యాసం రాసినవాళ్లు, క్లయింట్లకి సాఫ్ట్‌వేర్ అమర్చిపెట్టే కన్సల్టెంట్లు. ఏడాది తిరిగి కమిషన్ తగ్గడం మొదలవగానే అదే వ్యాసంలో మొదటి స్థానంలో ఉన్న మీ పేరు మూడోదవుతుంది. లింకు మార్చడానికి వాళ్లకి పట్టేది రెండు నిమిషాలు.

మధ్యేమార్గం ఒకటుంది: మొదటి 12 నెలలు 30 శాతం, ఆ తర్వాత 10 శాతం, అదీ గత 12 నెలల్లో కనీసం ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చినవాళ్లకే. మీ అంకెలతో చూస్తే 12 తర్వాత సగటున మిగిలే చెల్లింపులు 20 − 9.19 = 10.81, పదేసి చొప్పున 108. మొత్తం 384, అంటే మిగులులో 24 శాతం. జీవితాంతం 30 కన్నా చాలా తక్కువ, అఫిలియేట్‌కి మాత్రం "ఆగిపోయింది" అన్న మాట వినబడదు.

ఏది పెట్టినా ఒక వాక్యం తప్పనిసరి: రేటు మార్చితే 30 రోజుల ముందు చెబుతాం, కొత్త రేటు ఆ తేదీ తర్వాత చేరిన కస్టమర్లకే వర్తిస్తుంది. పాత కస్టమర్ల రేటు వెనక్కి వెళ్లి కోసే ప్రోగ్రాం గురించి అఫిలియేట్లు ఒకరికొకరు చెప్పుకుంటారు, ఆ మచ్చ పోదు.

దొంగ_క్లిక్కు:

మోసాల వంతు నాది. ముందు ఒక్కసారి చెల్లింపు ఎందుకు ప్రమాదమో చెబుతా. నెలకు 100 ప్లాన్‌కి 150 బహుమతి పెట్టారనుకోండి. అఫిలియేట్ తెలిసినవాళ్ల కార్డులతో పది ఖాతాలు తెరిచి, ఒక్కో నెల కట్టి, మానేస్తాడు. పెట్టింది 1000, వచ్చింది 1500. దొంగ కార్డు కూడా అక్కర్లేదు, అన్నీ నిజమైన చెల్లింపులే! అందుకే పెట్టి తీరాలనుకుంటే కస్టమర్ కట్టిన మొత్తం బహుమతిని దాటేదాకా దాన్ని పూర్తిగా విడుదల చెయ్యకూడదు. ఉదాహరణకి మొదటి చెల్లింపు తర్వాత 50, మూడో చెల్లింపు తర్వాత మిగతా 100.

తన లింకుతో తనే కొనుక్కోవడం అన్నిటికన్నా మామూలు. 30 శాతం డిస్కౌంట్ తీసుకున్నట్టే కదా. ఈమెయిల్ మార్చి వస్తారు కాబట్టి ఈమెయిల్ పోల్చి లాభం లేదు. స్ట్రైప్‌లో ప్రతి కార్డుకీ ఫింగర్‌ప్రింట్ అనే విలువ ఉంటుంది. ఖాతాలు వేరైనా కార్డు నంబర్ ఒకటే అయితే అదీ ఒకటే. వేర్వేరు ఖాతాల్లో ఒకే ఫింగర్‌ప్రింట్, పైగా ఒకే అఫిలియేట్ కోడ్ కనిపిస్తే ఆపి చూడండి.

అన్నిటికన్నా డబ్బు తినేది మాత్రం బ్రాండ్ పేరు మీద ప్రకటనలు. మీ సాఫ్ట్‌వేర్ పేరు గూగుల్‌లో కొట్టినవాడు ఎలాగూ మీ దగ్గరికే వస్తున్నాడు. మధ్యలో అఫిలియేట్ ఆ పేరు మీదే ప్రకటన పెట్టి, తన లింకు గుండా తిప్పి, 30 శాతం జేబులో వేసుకుంటాడు. ట్రేడ్‌మార్క్‌ని కీవర్డ్‌గా వాడటాన్ని గూగుల్ ఆపదు. ఫిర్యాదు చేస్తే ప్రకటన పాఠంలో ఆ పేరు వాడకాన్ని కట్టడి చేయించుకోవచ్చు, అంతే. కాబట్టి ఇది మీ ఒప్పందంలోనే ఉండాలి: మీ పేరు, అక్షరదోషాలతో రాసిన రూపాలు, "పేరు + డిస్కౌంట్", "పేరు + లాగిన్" ఏవీ కొనకూడదు. మీ పేరు కలిసిన డొమైన్లూ కొనకూడదు.

ఎలా పట్టుకోవాలి? రివ్యూ రాసేవాళ్ల క్లిక్కుల్లో కొద్దిమందే కొంటారు, అదీ చదివి, ఆలోచించి, తిరిగొచ్చి. బ్రాండ్ పేరు మీద పడేవాడి క్లిక్కుల్లో కొనేవాళ్ల శాతం అసాధారణంగా ఎక్కువ, క్లిక్కుకీ సైన్అప్‌కీ మధ్య నిమిషాలే. అతని సైటు చూస్తే అంత మందిని పంపగలిగేది కాదు. మీరు వెతికితే ప్రకటన కనబడకపోవచ్చు. మీ ఆఫీసున్న ప్రాంతాన్ని, పనివేళల్ని తప్పించి నడిపిస్తారు. వేరే దేశపు వీపీఎన్ నుంచి, రాత్రివేళ, ప్రైవేట్ విండోలో చూడండి.

కూపన్ సైట్లు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఇంకో రకం. కస్టమర్ చెకౌట్ పేజీలో ఉండగా "కోడ్ ఉందేమో చూద్దాం" అని నొక్కితే చివరి క్లిక్కు వాళ్లదై కమిషన్ వాళ్లకి పోతుంది, నెల కిందట రివ్యూ రాసి తెచ్చినవాడి నోట్లో మట్టి. పైన చెప్పిన సైన్అప్ తాళం దీన్ని చాలావరకు ఆపుతుంది, ట్రయల్ ఉన్న ఉత్పత్తికి అదొక వరం. చెకౌట్‌లో కోడ్ పెట్టె పెద్దగా తెరిచి ఉంచకండి. వీడియోలు చేసేవాళ్లకిచ్చిన కోడ్ బయటికి పొక్కితే గుర్తు ఇదీ: వాడకాలు పెరుగుతాయి, ఆ అఫిలియేట్ లింకుకి క్లిక్కులు మాత్రం పెరగవు. అప్పుడు కోడ్ మార్చండి. అఫిలియేట్‌ని తిట్టకండి, తప్పు చాలాసార్లు అతనిది కాదు.

ప్రకటన అని చెప్పడం గురించి కూడా ఒప్పందంలో రాయండి. అమెరికాలో ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం అఫిలియేట్ తన కమిషన్ సంగతి పాఠకుడికి స్పష్టంగా కనబడేలా చెప్పాలి, చెప్పకపోతే బాధ్యత కంపెనీ మీదా పడుతుంది. "లింకు పక్కనే, పేజీ అడుగున కాదు" అని తేటగా రాస్తే వాదనలుండవు.

లెక్కల_చిట్టా:

చెల్లింపు తేదీల సంగతి మిగిలిపోయింది. ప్రతి కమిషన్‌కి నాలుగు స్థితులు పెట్టండి: పెండింగ్, ఆమోదం, చెల్లించినది, రద్దు. పాత వరుసని చెరపకండి. రద్దయితే మైనస్‌తో కొత్త వరుస రాయండి, మామూలు పద్దులాగే. అఫిలియేట్ "పోయిన నెల 90 ఉండింది, ఇప్పుడు 60 ఏంటి" అని అడిగినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఆపే కాలం మీ రిఫండ్ గడువు కన్నా ఎక్కువ ఉండాలి. 30 రోజుల రిఫండ్ ఇస్తే 45 రోజులు ఆపండి, నెలకోసారి చెల్లించండి. చార్జ్‌బ్యాక్‌లు (కస్టమర్ తన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాక్కోవడం) 120 రోజుల దాకా రావచ్చు, అంత కాలం ఆపితే ఎవరూ చేరరు. వాటిని తర్వాతి నెల బ్యాలెన్స్ నుంచి కొయ్యడమే దారి. వివాదంలో మీరే గెలిస్తే డబ్బు తిరిగొస్తుంది, ఆ కమిషన్ కూడా తిరిగి వెయ్యడం మరిచిపోవద్దు. కనీస చెల్లింపు మొత్తం చిన్నదిగానే పెట్టండి, ఇద్దరు కస్టమర్ల ఒక నెల కమిషన్ అంటే 60 చాలు. 500 పెడితే చిన్నవాళ్లకి మొదటి చెల్లింపే అందదు, మళ్లీ మీ ముఖం చూడరు.

పాత_లింకు:

మనుషుల్ని ఎక్కడ తేవాలన్నది ఎవరూ అడగలేదు కానీ, అదే సగం పని. బహిరంగంగా ఫారం తెరిచి కూర్చుంటే వచ్చేవి ఎక్కువగా కూపన్ సైట్లే. మొదట మీ కస్టమర్లలో ఆరు నెలలకు మించి ఉన్నవాళ్లని, పోలిక వ్యాసాల్లో మీ ఉత్పత్తిని ఇప్పటికే చేర్చిన సైట్లని విడివిడిగా అడిగి 10, 15 మందితో మొదలుపెట్టండి. వాళ్లకి బ్యానర్లు అక్కర్లేదు, ఎవరూ పెట్టరు. పూర్తి ఫీచర్లున్న ఉచిత ఖాతా, డేటా నింపిన డెమో, తాజా స్క్రీన్‌షాట్లు, పోటీ ఉత్పత్తితో నిజాయితీ గల తేడాల పట్టిక ఇవ్వండి. ధర మార్చేముందు వారం రోజుల ముందే వాళ్లకి చెప్పండి. లేకపోతే పాత ధరలున్న వ్యాసాలు చదివి వచ్చినవాళ్లు మీ సపోర్టు మీద పడతారు.

కొత్త_పద్దు:

చాలా థాంక్సండీ. సైన్అప్ తాళం, 30 తర్వాత 10 ఈ రెండూ ఖాయం చేసుకుంటున్నా. ఒక్కటి మిగిలింది. వార్షిక ప్లాన్‌లో మధ్యలో మానేస్తే వాడని నెలల డబ్బు తిరిగిస్తాం. 1000 మీద 300 కమిషన్ 45 రోజులకి ఇచ్చేశాక, నాలుగో నెల చివర్లో కస్టమర్ రిఫండ్ అడిగితే? అఫిలియేట్ అప్పటికి ఇంకెవర్నీ తేకపోతే కొయ్యడానికి బ్యాలెన్స్ కూడా ఉండదు.

లెక్కల_చిట్టా:

8 నెలలకి మీరు తిరిగిచ్చేది 667, దాని మీద కమిషన్ 200. మీరన్నట్టు అది వసూలు కాదు. "బాకీ కట్టు" అని ఈమెయిల్ పెట్టినా ఎవరూ కట్టరు.

మీ రిఫండ్ విధానం నెలల వారీగా ఉంది కాబట్టి కమిషన్ కూడా నెలల వారీగానే పండనివ్వండి: 300ని పన్నెండుగా విడగొట్టి నెలకి 25 చొప్పున ఆమోదంలోకి మార్చండి. నాలుగో నెలాఖరుకి పండింది 100, మిగతా 200 ఇంకా పెండింగ్‌లోనే ఉంటుంది. రిఫండ్ రాగానే దానికి మైనస్ వరుస పడుతుంది, ఎవరి దగ్గరా అడగాల్సిన పని లేదు. అఫిలియేట్లు ఏడాది ఆగలేం అని గొణిగితే రెండో దారి: వార్షిక ప్లాన్‌కి రిఫండ్ గడువు 30 రోజులని మార్చి, 300 మొత్తం 45 రోజులకి ఇచ్చెయ్యండి. రిఫండ్ ఉదారంగా ఉంచి, కమిషన్ కూడా ఒకేసారి ఇవ్వడం మాత్రం వద్దు.